నాంచారమ్మ నేర్చుకున్న రోడ్డు

పెళ్ళయి ఇన్నేళ్ళలో నాంచారమ్మ అబద్ధం ఆడగా బాబూరావు ఎప్పుడూ వినలేదు. అది ఆమెకు చేతకాని పనుల్లో ఒకటని ఆయన గట్టి నమ్మకం. అందుకే కింద వాటాలో ఉండే రాజ్యం గారు మెట్ల దగ్గర ఎదురుపడి, "అన్నయ్యగారూ, వదినగారు మండలికి రావడం మానేశారేం? ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగినప్పుడు ఆయనకు ముందు బుర్ర పనిచేయలేదు. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం భోజనాలవగానే, ఆయన చేత మాత్ర వేయించి, అది ఒంటికి పట్టి మనిషి కాస్త తేలికపడ్డాడో లేదో చూసుకుని, మహిళా మండలికని సంచీ భుజాన తగిలించుకుని బయల్దేరే మనిషి మరి ఎక్కడికి వెళ్తున్నట్టు?

బాగానే ఉందండీ అని ఏదో అనేశాడు. ఆ మాట రాజ్యం గారికి సగమే వినబడి ఉంటుంది. పార్కిన్సన్స్ వచ్చాక ఆయన చెయ్యి వణుకుతోందని ఆయనతో సహా అందరికీ తెలుసు. గొంతు తగ్గిపోయిందన్న సంగతి మాత్రం ఆయనకు తప్ప మిగతా లోకానికంతా తెలుసు. ఎవరైనా "ఆఁ?" అని చెవి దగ్గర పెడితే, ఈమధ్య ఊళ్ళో అందరికీ చెవుడు వస్తోందని చిరాకుపడేవాడు.

బాబూరావు రైలు డ్రైవరు. రిటైరయ్యే నాటికి కాగితాల మీద లోకో పైలట్ అని రాసేవారు గానీ, ఆయన మాత్రం డ్రైవర్ననే చెప్పుకునేవాడు. గుడివాడ పక్కన పుట్టి, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కాపురం పెట్టి, చివరికి నేరేడ్‌మెట్‌లో ఈ రెండు గదుల వాటా కొనుక్కుని స్థిరపడ్డాడు. సిగ్నల్‌ని దూరం నుంచే పట్టుకోవడం ఆయన వృత్తి. ఇంట్లో పడుతున్న సిగ్నళ్ళు ఇన్నాళ్ళూ ఎలా వదిలేశానా అని ఆ రోజు కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటే తవ్వుకున్నాడు.

ముందు గుమ్మాల దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టాలు మాయమయ్యాయి. తర్వాత బాత్రూము గోడకి స్టీలు కడ్డీ వచ్చింది. ఆయన కూర్చునే కుర్చీ కాళ్ళ కింద చెక్క దిమ్మలు చేరి కుర్చీ ఎత్తు పెరిగింది. ఆ తర్వాత మంచం దగ్గర్నుంచి బాత్రూము దాకా నేల మీద పసుపు రంగు టేపు ముక్కలు అడ్డంగా అంటించింది, పట్టాల కింద స్లీపర్లు పరిచినట్టు. ఇంట్లో కొత్త లైను వేస్తున్నావా అని వెక్కిరించాడు కూడా. వీటిలో ఏదీ ఆయనకు అవసరం పడ్డాక వచ్చింది కాదు, అన్నీ ముందే వచ్చాయి. ఆయన కోపమల్లా అదే. నిక్షేపంలా నడుస్తున్నవాడికి కడ్డీ ఎందుకని కొన్నాళ్ళు దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. తర్వాత ఆ కడ్డీ పట్టుకోకపోతే బయటికి రాలేని రోజు వచ్చింది. కాళ్ళు నేలకి అతుక్కుపోతే, టేపు గీతను చూసి దాటితేనే అడుగు పడే రోజు కూడా వచ్చింది. అప్పుడు నాంచారమ్మ పక్కనే నిలబడి ఉంది. "చూశారా, నేను చెప్పలేదూ" అని ఒక్కసారి కూడా, కనీసం కళ్ళతోనైనా, అనలేదు. ఆ మాట మింగడం ఎంత కష్టమో పెళ్ళయిన వాళ్ళెవరినైనా అడగండి, చెప్తారు.

ఒక్క విషయంలో మాత్రం ఆమె ఊరుకోలేదు. మొన్న వేసవిలో డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. ఇంకొన్నేళ్ళకి మింగడం కష్టం కావచ్చు, మాట బొత్తిగా అణగిపోవచ్చు, అప్పుడు ఏం చేయాలో ఏం చేయకూడదో మాట ఉన్నప్పుడే మీలో మీరు అనుకుని పెట్టుకోండి అన్నాడు. ఆ సాయంత్రం నుంచి నాంచారమ్మ అడుగుతూనే ఉంది. ఈయన తప్పించుకుంటూనే ఉన్నాడు. అప్పుడు చూద్దాంలే అంటాడు, లేదా టీవీ సౌండు పెంచుతాడు. "అప్పటికి మీరు చెప్పగలిగితే కదండీ" అని ఆమె ఒకసారి అంటే, కలిపిన అన్నం వదిలేసి లేచిపోయాడు. ఆ రోజు గురించి మాట్లాడితే ఆ రోజు తొందరగా వచ్చేస్తుందని ఆయన భయం. ఆ భయాన్ని భయమని ఒప్పుకునే మనిషి కాదు కనక దానికి కోపమని పేరు పెట్టుకున్నాడు.

రాజ్యం గారి మాట విన్న మర్నాడు, బీరువా వెనక పడిపోయిన కళ్ళజోడు కోసం వంగితే పాత దుప్పటి ఒకటి కనబడింది. లాగి చూస్తే చక్రాల కుర్చీ. కొత్తది, మడిచి నిలబెట్టి ఉంది. బాబూరావు దుప్పటి మళ్ళీ కప్పేసి, కళ్ళజోడు సంగతే మరిచిపోయి మంచం మీద కూర్చుండిపోయాడు. మండలి అబద్ధం, దాచిన కుర్చీ. వీటికి తోడు మెయిన్ రోడ్డు మీద వృద్ధుల్ని చూసుకునే హోము ఒకటి కొత్తగా తెరిచారు. మొన్న మందుల షాపు నుంచి వస్తూ నాంచారమ్మ ఆ బోర్డు దగ్గర ఆగి, నిదానంగా చదివింది. మూడూ కలిపేసరికి ఆయనకు లెక్క కుదిరిపోయింది. ఆమె విసిగిపోయింది. తనని దింపేయడానికి స్టేషను వెతుకుతోంది. ఇన్ని చేసిన మనిషి విసిగిపోతే తప్పేముందని ఒక క్షణం అనిపించింది. మరుక్షణం ఏడుపొచ్చింది.

మంగళవారం ఆమె గుమ్మం దాటగానే బాబూరావు చొక్కా మార్చుకున్నాడు. సందు మొదట్లో ఆటో పెట్టుకుని ఉండే తిరుమల్‌కి ముందే ఫోన్ చేసి ఉంచాడు. నాంచారమ్మ ఎక్కిన ఆటో వెనకే, కనబడీ కనబడనట్టు పోవాలని చెప్పాడు. తిరుమల్ అద్దంలోంచి ఆయన వంక చూసి, "అమ్మ ఎనక మనం పోవుడేంది సార్?" అన్నాడు. ఆయన ముందున్న ఆటో వైపు వేలు చూపించేసరికి పోనిచ్చాడు.

ఆటో ఆ హోము ముందు ఆగలేదు. మల్కాజిగిరి దాటింది. లాలాగూడ వైపు తిరిగింది. వర్క్‌షాపు గోడ పక్కనే పోయి, ఆయన కళ్ళు మూసుకుని కూడా పోల్చుకోగల సందులోకి మళ్ళింది. బాబూరావుకి వెనక్కి తిప్పమందామనిపించింది. అది ఖాజావలి ఉండే సందు.

ఖాజావలి ఆయన దగ్గర అసిస్టెంటుగా చేసినవాడు. ఇద్దరూ ఒకే కేబిన్‌లో ఎన్నో ఏళ్ళు ఎండలూ వానలూ చూశారు. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు గట్టిగా పలకాలి, రెండోవారు అదే మాట తిరిగి పలకాలి. అది రూలు. చాలామంది మూలిగినట్టు ఏదో అనేసి కానిచ్చేస్తారు. బాబూరావు మాత్రం తను పలికింది ఖాజావలి నోట స్పష్టంగా తిరిగి వినబడితే గానీ ఊరుకునేవాడు కాదు. ఖాజావలి చిన్నవాడు, కానీ ఇదే జబ్బు అతనికి ముందు వచ్చింది. మొదట్లో బాబూరావు వారం వారం పోయి కూర్చుని వచ్చేవాడు. తనకూ అదేనని డాక్టరు చెప్పిన రోజు నుంచి మళ్ళీ ఆ సందు తొక్కలేదు. ఖాజావలి పేరెత్తితే ఇంట్లో గది మారేవాడు.

తిరుమల్‌ని ఆగమని చెప్పి, గోడ పట్టుకుని నడిచాడు. తలుపు తెరిచే ఉంది. గడప దగ్గరికి రాగానే కాళ్ళు ఆగిపోయాయి. తలుపు సందుల్లో, గడపల దగ్గర ఆయనకిది మామూలే. మనసు పదమంటుంది, పాదాలు వినవు. మాత్ర జోరు కూడా దిగిపోతున్న వేళ. లోపలికి పోలేడు, వెనక్కి తిరగలేడు. అలా నిలబడి చూడక తప్పలేదు.

లోపల మంచం మీద నాంచారమ్మ పడుకుని ఉంది. కాళ్ళూ చేతులూ వదిలేసి, ప్రాణం లేనట్టు. ఖాజావలి భార్య నూర్‌బీ ఆమె కింద పరిచిన దుప్పటి అంచు చుట్టి పట్టుకుని, ఆమెను పక్కకి దొర్లిస్తోంది.

"మనిషిని గుంజొద్దక్కా, దుప్పటి గుంజాలె. మనిషిని గుంజితే భుజం పోతది."

నాంచారమ్మ పక్కకి దొర్లింది. కళ్ళు తెరవకుండానే, తన చెయ్యి ఒంటి కింద ఇరుక్కుందని, నోరు లేని మనిషైతే తెల్లారే దాకా అలాగే పడి ఉండాలని చెప్పింది. గందుకే తిప్పినంక చెయ్యి యాడుందో చూసుకోవాలె అని నూర్‌బీ ఆ చెయ్యి లాగి సర్దింది. నాంచారమ్మ లేచి, చెంగు దోపుకుని, ఈసారి నూర్‌బీని పడుకోబెట్టి తను తిప్పింది. తిప్పాక ముందుగా చెయ్యి ఎక్కడుందో చూసింది. గోడ పక్కన చక్రాల కుర్చీలో దిళ్ళ మధ్య కూర్చున్న ఖాజావలి పెదవులు కదిపాడు. ఏమన్నాడో బాబూరావుకి వినబడలేదు. నూర్‌బీ మాత్రం వంగి విని నవ్వింది. "మెల్లగ తిప్పుమంటుండు. బ్రేకు గట్టిగ కొట్టినవంట."

తర్వాత చెంచాతో జావ పట్టడం. అందులోనూ నాంచారమ్మే ముందు రోగి అయి కూర్చుంది. తల పైకెత్తి తాగబోతే నూర్‌బీ గడ్డం కిందికి దించింది. తల ఎత్తితే పొరబోతుందని చెప్పింది. రెండు చెంచాలు మింగాక నాంచారమ్మ ఆగమంది. చెంచా పైనుంచి వస్తే కనబడటం లేదని, ఒక్కసారిగా నోటి దగ్గర తేలితే జడుపు పుడుతోందని, కిందనుంచి చూపిస్తూ తేవాలని అంది. ఇన్నేళ్ళూ పెడుతున్న నూర్‌బీకే ఆ సంగతి తట్టలేదట. ఆమె మొగుడి వైపు తిరిగి, నీకూ అట్లనే అవుతుందా అని అడిగింది. ఖాజావలి కళ్ళు మూసి తెరిచాడు.

తన లెక్క తప్పిందని, దాచిన కుర్చీ కూడా ఆ కడ్డీలాగే ముందే వచ్చిందని గడప మీద బాబూరావుకి తెలిసింది. హోము కాదు, విసుగు కాదు. ఈ మనిషి తను ఇంకా చేరని చోటికి ముందే వచ్చి, తన మంచంలో పడుకుని, తన జావ తాగి, తన చెయ్యి ఎక్కడ నొక్కుకుపోతుందో చూసి పెట్టుకుంటోంది. ఆయన ఎంతోమంది గొప్ప డ్రైవర్లను చూశాడు. ఇంత ముందుచూపు ఉన్న మనిషిని ఏ కేబిన్‌లోనూ చూడలేదు.

జావ గిన్నె పక్కన పెట్టి నూర్‌బీ కూలబడింది. ఖాజావలి ఆస్పత్రిలో ఉన్నప్పటి సంగతి నాంచారమ్మ అడిగినట్టుంది. నూర్‌బీ గొంతు తగ్గింది.

"నిమోనియా వచ్చిన్నాడు నన్ను అడిగిన్రక్కా. ముక్కుల పైపు ఏస్తం, సంతకం పెట్టుమన్నరు. ఆయన మాట్లాడెటట్టు లేడు. పెట్టిన. పైపు పీకుతుండని చేతులు మంచానికి కట్టిన్రు. నన్నే చూస్తుండె. ఇప్పుడు అడిగితే మంచిగనే చేసినవ్ అంటడు. నన్ను బాధ పెట్టనీకె మనసొప్పక అంటడో, నిజంగనే అంటడో. జెర ముందుగాల అడిగుంటే నాకీ పరేషాన్ ఉండకపోవు."

"మా ఆయన్ని అడుగుతూనే ఉన్నా నూర్‌బీ" అంది నాంచారమ్మ. "నోరు విప్పడు. అన్నీ నేర్చుకుంటున్నా, ఎత్తడం, తిప్పడం, తినిపించడం. ఆ ఒక్కటీ ఎక్కడ నేర్చుకోను? అది ఆయన లోపలుంది."

అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇంట్లో ఎప్పుడూ ఏడవని మనిషి. ఏడవడానికి కూడా ఆమె మల్కాజిగిరి దాటి ఇక్కడికి రావలసి వచ్చిందన్నమాట. ఆ సంగతి బాబూరావుకి ఆ గడప మీద నిలబడి తెలిసింది. సిగ్గుతో తల వాలిపోయింది.

ముందు చూసింది ఖాజావలే. కుడి చెయ్యి దిండు మీంచి కొద్దిగా లేచింది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్లు ఎత్తే తీరులో. "ఉస్తాద్" అన్నాడు. అది మాత్రం అందరికీ వినబడింది.

నాంచారమ్మ తిరిగి చూసింది. ఎందుకొచ్చారని అడగలేదు. దొరికిపోయానని కంగారుపడనూ లేదు. ఆయన పాదాల వంక చూసి, సంచీలోంచి గొడుగు తీసి, గడప అవతల నేల మీద అడ్డంగా పెట్టింది. "దీన్ని దాటండి." గొడుగును చూసి కాలెత్తాడు. అడుగు పడింది.

లోపలికొచ్చి కూర్చున్నాక, మండలికని నాకు అబద్ధం చెప్పావని అన్నాడు. ఇంకేం అనాలో తెలియక అన్నాడు. నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది.

"పెళ్ళయిన కొత్తలో మీరు బల్హార్షా రోడ్డు నేర్చుకోవాలి, ఎల్ఆర్ అని వారాల తరబడి పోయేవారు. బండి మీరు నడపరట, ఊరికే ఇంకొకరి ఇంజన్లో నిలబడి చూసి వస్తారట. ఎందుకంటే ఏమన్నారు? ఎక్కడ మలుపుందో, ఎక్కడ దిగుడుందో, సిగ్నల్ ఏ చెట్టు చాటునుందో ముందే పోయి చూసుకోవాలి, చూడని రోడ్డు మీద జనాన్ని ఎక్కించుకుని బండి నడిపితే నేరం అన్నారు. ఆ రోడ్డు తెలిసినవాళ్ళ దగ్గరే నేర్చుకోవాలన్నారు. నేనూ అదే చేస్తున్నా. చెబితే మీరు రానిచ్చేవారు కాదు."

"ఆ బండిలో నేను సామాను కాదు" అన్నాడు బాబూరావు.

"కాదు కనకే అడుగుతున్నా."

నూర్‌బీ చాయ్ తెచ్చింది. ఉస్మానియా బిస్కట్ మెత్తగా నానబెట్టి ఖాజావలికి పెట్టింది, చెంచా ఈసారి కిందనుంచి చూపిస్తూ. బాబూరావు కుర్చీ జరుపుకుని ఖాజావలి పక్కన చేరి, అతని చెయ్యి పట్టుకున్నాడు. రెండు చేతులూ వణికాయి. ఇన్నాళ్ళూ రాలేకపోయానురా, నిన్ను చూస్తే నన్ను చూసుకున్నట్టు ఉంటుందని భయపడ్డాను అన్నాడు. ఖాజావలి పెదవులు కదిపాడు. బాబూరావు చెవి ఆనించాడు. ఆ మాటలు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో పూర్తిచేయబోకుండా చివరిదాకా విన్నాడు.

"పైపు గురించి చెప్తున్నాడు నూర్‌బీ" అన్నాడు తల ఎత్తి. "అప్పుడు కోపం వచ్చిందట, నీ మీదే. పైపు తీసేశాక మళ్ళీ నీ చేతి చాయ్ తాగిన రోజు ఆ కోపం పోయిందట. కోపం సంగతి కూడా చెప్తే నువ్వు నమ్ముతావట. ఉత్త మంచిగా చేశావంటే నమ్మవట."

నూర్‌బీ మొగుడి దగ్గరికి జరిగింది. తర్వాత అతని మూతి తుడిచి, కోపం వచ్చిందని అప్పుడే చెప్పొద్దా అని తిట్టింది. ఆ తిట్టులో ఎంత హాయి ఉందో.

తిరుగు దారిలో ఇద్దరూ తిరుమల్ ఆటోలోనే కూర్చున్నారు. మల్కాజిగిరి దగ్గర రోడ్డు నిండా బండ్లు, ఆటో ఆగిపోయింది. పక్కనే పట్టాల మీద గూడ్సు బండి పోతోంది. బాబూరావు ఏదో అన్నాడు. నాంచారమ్మ ఆఁ అంది. ఆయన ఈసారి చెవుడని చిరాకుపడలేదు. ఊపిరి నిండా తీసుకుని కేబిన్‌లో పలికినట్టు పలికాడు.

"నేను చెప్తా. నువ్వు తిరిగి చెప్పాలి. పైపు వద్దు."

తిరుమల్ అద్దంలోకి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. నాంచారమ్మ నిటారుగా కూర్చుంది. "పైపు వద్దు."

"నోటితో ఎంత పోతే అంత."

"నోటితో ఎంత పోతే అంత."

"చేతులు కట్టనివ్వకు."

"కట్టనివ్వను."

"నేనన్న మాటే అను."

"చేతులు కట్టనివ్వకు" అంది ఆమె. ఈసారి మాట తప్పలేదు. ఎవరొచ్చినా నా గురించి నన్ను దాటేసి మాట్లాడకూడదు అన్నాడు. అదీ తిరిగి చెప్పింది. గూడ్సు బండి ఇంకా పోతూనే ఉంది. ఆఖరి మాటకి ఆయన ఆమె వైపు తిరిగాడు.

"డ్రైవరుకి డ్యూటీ గంటలుంటాయి నాంచారూ. దాటితే దింపేసి వేరేవాణ్ణి ఎక్కిస్తారు. ఎంత మంచి డ్రైవరైనా సరే. నీకు చేతకాని రోజు నన్ను మెయిన్ రోడ్డు మీది ఆ హోములో పెట్టు. నువ్వు పడిపోయే దాకా లాగకు."

నాంచారమ్మ ముఖం తిప్పుకుంది. రోడ్డు మీదికి చూస్తూ కూర్చుంది. ముందు బండ్లు కదిలాయి. తిరుమల్ మాత్రం గేరు వేయలేదు, వెనక హారన్లు మోగుతున్నా.

"తిరిగి చెప్పు" అన్నాడు బాబూరావు. "నువ్వు చెప్పందే బండి కదలదు."

"నాకు చేతకాని రోజు" అని ఆగింది. ఆయన తన చెయ్యి ఆమె చేతి మీద పెట్టి అలాగే ఉంచాడు. "మిమ్మల్ని హోములో పెడతాను. నేను పడిపోయే దాకా లాగను." చెంగుతో ముఖం తుడుచుకుని, ఆయన వైపు తిరిగింది. "రోజూ వచ్చి అన్నం మాత్రం నేనే పెడతాను."

"అది నేను చెప్పలేదు."

"అది నా మాట. మీరు తిరిగి చెప్పండి."

బాబూరావు ఊపిరి తీసుకుని, గూడ్సు మోత మీద కూడా వినబడేలా ఆ మాట తిరిగి చెప్పాడు. తిరుమల్ గేరు వేశాడు.